ధరల రేఖలు – కాయకపు ప్రశ్న

గడచిన శ్రావణమాసములో ఒక సోమవారమునాడు మా మఠములో ప్రవచనము ముగిసినది. అందరు ప్రసాదమునకు లేవబోవుచుండగా ఒక యువకుడు నిలువబడి స్వామివారిని ఒక ప్రశ్న అడిగినాడు. "స్వామీ! షేరు మార్కెట్టులో ధరల చార్టులు చదివి, కొని, అమ్మి సంపాదించిన సొమ్ము కాయకపు సొమ్మేనా? దానితో దాసోహము చేయవచ్చునా?" సభలో కొందరు నవ్వినారు. స్వామివారు నవ్వలేదు. వెనుక వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న నన్ను చూచి, "లెక్కల పంతులుగారూ, ఆ విద్య ఏమిటో మీరు చూచి వచ్చి చెప్పండి. తెలియనిదానిపై తీర్పు చెప్పుట మాకు తగదు" అన్నారు.

ప్రశ్న అడిగినవాడు మా అక్క కుమారుడే. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నాడు. జహీరాబాదులో అతని తండ్రిగారి బట్టల దుకాణముండెడిది. ఆయన లింగైక్యులైన తరువాత ఆ గది అద్దెకు ఇచ్చినారు. ఆ అద్దెయే మా అక్కకు ఆధారము. ఆ గదిని అమ్మి, ఆ పైకమును మూలధనముగా పెట్టుకొని, ఉద్యోగము మాని, ఈ చార్టుల విద్యనే జీవనోపాధి చేసికొనవలెనని మేనల్లుని సంకల్పము. అక్క నా మాట కొరకు ఎదురుచూచుచున్నది. కనుక ఇది నాకు తీరిక సమయపు తత్త్వచర్చ కాదు. ఆరునెలలు విద్యార్థినై ఆ విద్యకు ఓనమాలు దిద్దినాను. తెలిసికొన్నది, పోగొట్టుకొన్నది రెండును ఇచ్చట విన్నవించుచున్నాను.

ఈ విద్యను టెక్నికల్ అనాలిసిస్ అందురు. కంపెనీ ఏమి తయారు చేయుచున్నది, అప్పులెన్ని, లాభమెంత అని విచారించుట వేరొక శాస్త్రము. ఇది ఆ జోలికి పోదు. ధర ఏ దినమున ఎంత ఉన్నది, ఎన్ని షేర్లు చేతులు మారినవి అనునంతవరకే చూచును. తెలియవలసినదంతయు ధరలో ఇమిడియే యుండునని దీని మొదటి సూత్రము. అమెరికాలో చార్లెస్ డో అను పత్రికా రచయిత (1851–1902) దీనికి మూలపురుషుడు. 1889లో వాల్ స్ట్రీట్ జర్నల్‌ను ప్రారంభించిన ముగ్గురిలో ఆయన ఒకడు. 1896లో పన్నెండు కంపెనీల ధరల సగటు కట్టి ఒక సూచికను వెలువరించినాడు. ధరల గమనమును సముద్రపు పోటుతో, అలలతో, చిరుతరగలతో పోల్చినాడు. విచిత్రమేమనగా ఆయన ఈ విషయముపై గ్రంథము వ్రాయలేదు, దానికి సిద్ధాంతమని పేరు పెట్టలేదు. ఆయన సంపాదకీయములను తరువాతివారు ఏర్చి కూర్చి 'డో సిద్ధాంతము' అన్నారు. మూలపురుషుడు చెప్పినదొకటి, శిష్యులు కట్టినదొకటి అగుట మతములలోనే కాదు, మార్కెట్టులోను కలదన్నమాట.

నేటి చార్టులలో కనిపించు క్యాండిళ్ళు మాత్రము జపాను దేశపు బియ్యపు వ్యాపారమునుండి వచ్చినవి. ఒసాకా నగరమందలి దోజిమా బియ్యపు విపణిని అచ్చటి ప్రభుత్వము 1730లో అధికారికముగా గుర్తించినది. హొమ్మా మునెహిసా అను బియ్యపు వర్తకుడు ఆ శతాబ్దములోనే ధరలను చదువు పద్ధతిని నేర్పినాడని చెప్పుకొందురు. 1991లో స్టీవ్ నిసన్ అను అమెరికను వ్రాసిన పుస్తకముతో అది పాశ్చాత్యులలో వ్యాప్తిలోనికి వచ్చినది. క్యాండిల్ చదువుట కష్టము కాదు. ఒక షేరు ఉదయము 240 రూపాయలకు మొదలై, పగటిపూట 252 వరకు ఎక్కి, 236 వరకు దిగి, సాయంకాలము 249 వద్ద ఆగినదనుకొందము. 240 నుండి 249 వరకు లావుపాటి దిమ్మె, పైన 252 వరకు సన్నని వత్తి, క్రింద 236 వరకు మరొక వత్తి. మొదలుకంటె ముగింపు పైనున్నది కనుక పచ్చరంగు. దిగువనుండిన ఎరుపు. ఒక దినమున కొన్నివేలమంది పడిన ఆరాటమంతయు వ్రేలెడు బొమ్మలో నిలిచినది. ముప్పది నాలుగు సంవత్సరములు గ్రాఫు కాగితములతో కాలము గడపిన నాకు ఇది ముచ్చట గొలిపిన మాట దాచను.

అంతకంటె ముచ్చటైనది 'సపోర్టు' అను భావన. ఒక షేరు మూడుసార్లు 200 రూపాయలకు దిగి, మూడుసార్లు తిరిగి లేచినదనుకొందము. ఆ 200 ఒక నేల వలె నిలుచును. ఎందుకు? అచ్చట కొన్నవాడు మరల ఆ ధర వచ్చిన మరికొన్ని కొనవలెనని చూచుచుండును. అచ్చట కొనక విడిచినవాడు ఈసారి విడువరాదనుకొనును. అచ్చట అమ్మినవాడు తొందరపడితినని పశ్చాత్తాపపడును. ముగ్గురి మనస్సులు ఒక్క అంకెకు కట్టువడియున్నవి. తరువాత ఒకనాడు ఆ నేల కూలి ధర 180కి పోయినచో, 200కు కొన్నవారందరు 'అసలు వచ్చిన చాలు, బయటపడుదుము' అని కాచుకొని యుందురు. ధర మరల 200కు రాగానే అమ్ముదురు. నిన్నటి నేల నేడు పైకప్పు అగును. దానిని 'రెసిస్టెన్సు' అందురు. ఇందు మంత్రము లేదు. మనుష్యుల ఆశ, భయము, పశ్చాత్తాపములు గీతలై కనిపించుటయే ఉన్నది. నిజమునకు చార్టు మార్కెట్టుకు పట్టిన అద్దము కాదు, మనస్సుకు పట్టిన అద్దము. ఇంతవరకు ఈ విద్యను నిందింపవలసిన పని లేదు.

మూవింగ్ యావరేజి అనునది ఇంకను సరళము. గత ఏబది దినముల ముగింపు ధరలు కూడి ఏబదిచేత భాగింతురు. మరునాడు పాతదొకటి విడిచి క్రొత్తదొకటి చేర్తురు. ధర ఆ సగటునకు పైన నడచుచున్న ఎక్కుదారి, క్రింద నడచుచున్న దిగుదారి. ఏడవ తరగతి బాలుడు కట్టగల లెక్క. గుర్తుంచుకొనవలసినది ఒక్కటే. సగటు ఎప్పుడును ఆలస్యముగనే వచ్చును. బండి పోయిన పిమ్మట చక్రముల జాడ వంటిది. ఎటు పోయినదో చెప్పును, ముందు మలుపు ఉన్నదో లేదో చెప్పదు.

ఇక చిక్కు ఇచ్చట మొదలగును. ఒక ఆదివారము మా మనుమరాలి చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చి ఇన్నూరుసార్లు ఎగురవేయించినాను. నూరు రూపాయలతో మొదలుపెట్టి, బొమ్మ పడిన ఒక రూపాయి పెంచి, బొరుసు పడిన ఒక రూపాయి తగ్గించి, గ్రాఫు కాగితముపై రేఖ గీచినాను. సాయంకాలము వచ్చిన మేనల్లునికి అది చూపి, ఇది ఏ కంపెనీయో చెప్పను, ఏమి చేయుదువని అడిగినాను. అతడు కొంతసేపు శ్రద్ధగా చూచి, ఒకచోట 'తల, రెండు భుజములు' అను ఆకారమున్నదని, ఇది పడునని, వెంటనే అమ్మవలెనని చెప్పినాడు. జరిగినది చెప్పగా అతని ముఖము చిన్నబోయినది. "ఇది మోసము, మామయ్యా" అన్నాడు. మోసమే. అయితే ఆ మోసము నాకంటె ముందు బర్టన్ మాల్కియెల్ అను ఆచార్యుడు తన విద్యార్థులచేత నాణెము ఎగురవేయించి చేసినాడు. 1973లో వెలువడిన తన పుస్తకములో ఆ వృత్తాంతము వ్రాసినాడు. ఆకారములు వెదకు కంటికి మబ్బులలోను ఏనుగులు కనిపించును.

మేనల్లుడు తెలివిగలవాడు. మరునాడే సమాధానముతో వచ్చినాడు. "రేపటి ధర చెప్పుట ఈ విద్యకు ముఖ్యము కాదు, మామయ్యా. తప్పినప్పుడు ఎంత పోవలెనో ముందే నిర్ణయించుకొనుట ముఖ్యము. పదిసార్లలో ఆరుసార్లు తప్పినను, తప్పిన ప్రతిసారి కొంచెమే పోయి, కుదిరినప్పుడు ఎక్కువ వచ్చిన చాలును." ఇది సరియైన మాట. నూరు రూపాయలలో పదిపోయిన, తిరిగి నూరగుటకు నూటికి పదకొండు వచ్చిన చాలును. ఏబది పోయిన, మిగిలినది రెట్టింపు కావలెను. కనుక నష్టము చిన్నదిగా ఉన్నప్పుడే త్రుంచవలెను. ఆ హద్దును 'స్టాప్‌లాసు' అందురు. ఈ ధరకు దిగిన అమ్మివేయుదునని కొనకముందే వ్రాసికొనుట. నా దృష్టిలో ఈ శాస్త్రమంతటిలో వ్రతము వంటిది ఇదొక్కటే. ఆ వ్రతము ఎంత కఠినమో తెలియుటకు నేను స్వయముగా చేసి చూచినాను.

పింఛనులో ఇరువదివేల రూపాయలు విడిగా పెట్టినాను. ఒక షేరు 430 రూపాయల చొప్పున నలుబది కొన్నాను. పుస్తకములో సిరాతో వ్రాసికొన్నాను: "412కు దిగిన అమ్మవలెను. నష్టము 720 రూపాయలకు మించరాదు." పది దినములలో ధర 412కు వచ్చినది. ఆ ఉదయము నాకు ఎన్ని మంచి కారణములు తోచినవో చెప్పజాలను. మార్కెట్టంతయు పడుచున్నది కదా, ఇది కంపెనీ దోషము కాదనుకొన్నాను. 400 వద్ద పాత సపోర్టు కలదు కదా యనుకొన్నాను. పుస్తకము తెరచి 412 పైన 400 అని దిద్దినాను. తరువాత 385 అని దిద్దినాను. తుదకు 371కి అమ్మినాను. నష్టము 2,360 రూపాయలు. సొమ్ము పోయినందుకు నాకు అంత బాధ కలుగలేదు. అంకెపై అంకె దిద్దినందుకు ఎందరు పిల్లల చేత గుంజీలు తీయించితినో గుర్తునకు వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చార్టు నాకు అబద్ధము చెప్పలేదు. నా పుస్తకములో నేనే వ్రాసికొన్నాను.

స్టాప్‌లాసు వ్రతమును తప్పక పాటించినను అది కాపాడని దినములుండును. మన హైదరాబాదువారికి సత్యం కంప్యూటర్స్ సంగతి మరపునకు రాదు. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడు లెక్కలు తప్పుడువని తానే లేఖ వ్రాసి ఒప్పుకొన్నాడు. ముందటి దినము 179 రూపాయల ప్రాంతముననున్న షేరు ఆ ఒక్కదినమున 40 రూపాయల ప్రాంతమునకు పడినది. 160కి అమ్ముదునని వ్రాసికొన్నవానికి 160 వద్ద కొనువాడు దొరకవలెను కదా! మేనల్లుడు దీనికిని బదులు చెప్పినాడు. మూడు వారములు ముందుగా, 2008 డిసెంబరు 17ననే, ఆ షేరు నూటికి ముప్పది వరకు పడినది. చార్టు చదువువాడు అప్పుడే బయటపడి యుండును, ఆడిటర్లు సంతకము చేసిన లెక్కలను నమ్మినవాడే మునిగినాడు, అని. ఆ మాటను నేను కాదనలేకపోయినాను.

ఇక కాయకపు ప్రశ్న. మనవారిలో లింగబలిజలు అనేకులు వర్తకులే. వర్తకమును మనమెన్నడును హీనముగా చూడలేదు. బసవేశ్వరుడు స్వయముగా కల్యాణములో బిజ్జలుని భాండారమునకు అధికారి. రూకల లెక్క ఆయనకు తెలియనిది కాదు. గుంటూరులో మిరపకాయలు పంట సమయమున కొని కోల్డు స్టోరేజిలో ఉంచి, నాలుగు నెలలకు అమ్మిన వర్తకుడు లాభము పొందును. ఆ లాభములో గిడ్డంగి అద్దె కలదు, సరకు చెడునను భయము కలదు, పంట లేని కాలమున మిరప అందించిన సేవ కలదు. మరి ఉదయము కొన్న షేరును మధ్యాహ్నము అమ్మి నూరు రూపాయలు పొందినవాడు లోకమునకు ఏమి ఇచ్చినాడు?

ఏమియు ఇవ్వలేదనుట తొందరపాటు. కుమార్తె వివాహము కొరకు ఒక వృద్ధుడు తన షేర్లు అమ్మదలచిన, ఆ క్షణమున కొనువాడుండుట వలననే ఆయనకు సొమ్ము చేతికి వచ్చును. నిత్యము కొని అమ్మువారు లేని మార్కెట్టు సంతరోజు కాని సంత వంటిది. ఈ సేవ చిన్నదైనను సేవయే. కాని నిజాయితీగా చెప్పవలెనన్న, మేనల్లుడు మధ్యాహ్నము అమ్మినది ఆ వృద్ధుని తలచి కాదు. మరియొక మాట. క్రొత్తగా షేర్లు జారీ చేసినప్పుడే సొమ్ము కంపెనీకి చేరును. తరువాతి బేరములన్నిటిలో అది కొన్నవాని జేబునుండి అమ్మినవాని జేబుకు పోవును. కంపెనీ ఎదుగుచున్నప్పుడు దీర్ఘకాలము భాగస్వామిగా నిలిచినవారందరు లాభపడవచ్చును. ఒకరి లాభము మరొకరి నష్టము కానక్కరలేదు. ఫ్యూచర్సు, ఆప్షన్ల సంగతి అట్లు కాదు. అచ్చట ఒకరికి వచ్చిన ప్రతి రూపాయి ఎదుటివానినుండి రావలసినదే. పైగా దలాలీ, పన్నులు ఇద్దరును చెల్లింపవలెను.

ఆ ఎదుటివాడు ఎవరు? సెబి సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనమును ప్రకటించినది. 2021–22 నుండి 2023–24 వరకు మూడు సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్లలో వ్యాపారము చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారు. సగటున ఒక్కొక్కరికి పోయినది సుమారు రెండు లక్షల రూపాయలు. మొత్తము 1.8 లక్షల కోట్లు దాటినది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభము పొందినవారు నూటికి ఒక్కరే. లాభములో అధికభాగము యంత్రములచేత బేరములు నడపు పెద్ద సంస్థలకు చేరినది. మరుసటి సంవత్సరపు లెక్కలోను నూటికి 91 మందికి నష్టమే. అనగా మా మేనల్లుడు గెలిచిన దినమున ఎదుట ఓడినవాడు బహుశః అతని వంటివాడే. ఏ ఊరిలోనో తల్లి అద్దెసొమ్ము తెచ్చి పెట్టినవాడు.

ఆయ్దక్కి మారయ్య కథ మనకందరకు తెలిసినదే. నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినాడు. భార్య లక్కమ్మ దానిని చూచి, ఈ ఎక్కువ ఎందుకని ప్రశ్నించి, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపినది. సాధారణముగా ఈ కథను అత్యాశకు మందుగా చెప్పుదురు. నాకు ఈ ఆరునెలలలో అందులో మరొకటి కనిపించినది. మారయ్య తెచ్చిన బియ్యము ఇంటిలో కొలువబడినది. ఎక్కువ తెచ్చినాడో తక్కువ తెచ్చినాడో చూచు కన్ను ఒకటి ఇంట నుండినది. షేర్ల వ్యాపారము చేయుచున్న యువకులతో ఇటీవల మాటలాడినాను. వారిలో ఎక్కువమంది లాభము వచ్చిన దినము ఇంట చెప్పుదురు, నష్టము వచ్చిన దినము చెప్పరు. ఫోను జేబులో పెట్టుకొని భోజనమునకు కూర్చుందురు.

మా మేనల్లుని విషయమును అంతే. రెండు సంవత్సరములుగా ఆప్షన్లలో అతనికి పోయినది ఎంతయో అతని భార్యకు తెలియదు. నాకును ఆలస్యముగా చెప్పినాడు. గది అమ్ముటలో సంకల్పము సగము వ్యాపారము కొరకైతే, సగము ఆ గుంట పూడ్చుట కొరకు. అది విన్న దినమున నేను కోపపడబోయి, నా పుస్తకములోని మూడు దిద్దుబాట్లు జ్ఞాపకము వచ్చి ఊరకుంటిని.

ఊరకున్నను నా మాట చెప్పక తప్పలేదు. చార్టు నేర్చుకొనుట తప్పు కాదు. నేర్చుకొనువాడు మొదటి సంవత్సరము రూపాయి పెట్టక కాగితముపైననే కొని, అమ్మవలెను. కారణమును ముందుగా సిరాతో వ్రాయవలెను, తరువాత దిద్దరాదు. సొంత మిగులు ధనమే పెట్టవలెను. మంచి కంపెనీలో ఏండ్లతరబడి భాగస్వామిగా ఉండుటకు సమయము చూచుకొనుటలో ఈ విద్య కొంత తోడ్పడునేమో. కాని ఆప్షన్ల బేరమును జీవనోపాధిగా చేసి, దానికి తల్లి అద్దెగదిని పెట్టుబడిగా పెట్టుటను కాయకమని నేను అనజాలను. "నాకు జీతమిచ్చు కంపెనీ లోకమునకు ఏమి ఇచ్చుచున్నదో మీకు తెలియునా, మామయ్యా? అందులో నేను పంపు కాగితములు ఎవరును చదువరు. అది కాయకమా?" అని అతడు ఎదురు ప్రశ్నించినాడు. దీనికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. ఆ ఉద్యోగములో అతడు ఓడింపవలసిన మనిషి ఎవడును లేడని మాత్రము చెప్పినాను. అతడు తృప్తిపడలేదు.

గది అమ్ముట ప్రస్తుతము ఆగినది. నేను చెప్పినందుకు కాదు. ఒక ఆదివారము అతడు తన లెక్కలన్నియు భార్య ముందు పరచినాడు, ఆ తరువాత ఆగినది. ఆమె డిగ్రీలో కామర్సు చదివినది. రెండు గంటలు మాటలాడక అన్ని పుటలు చూచి, దలాలీ, పన్నుల వరుసను వేరుగా కూడి చూపినదట. ఆ మొత్తము అతడు ఎన్నడును కూడలేదు.

కార్తికమాసములో నేను మఠమునకు పోయి, చూచినది, చేసినది అంతయు స్వామివారికి నివేదించినాను. నా 2,360 రూపాయల సంగతియు చెప్పినాను. ఆయన ఓపికగా విని, "ఆ సొమ్ము ఎవరికి చేరినది, పంతులుగారూ?" అని అడిగినారు. తెలియదన్నాను.